ఓడకీ అరెస్టు వారంటు!

అంతర్జాతీయ న్యాయశాస్త్రం అనగానే లా చదివే పిల్లలకి హేగ్ నగరం గుర్తొస్తుంది. వాళ్లని చదివించే తల్లిదండ్రులకి విమానం టిక్కెట్టు గుర్తొస్తుంది. ‘ఐక్యరాజ్య సమితిలో ఇంటర్న్‌షిప్ చేస్తా నాన్నా’ అని కూతురంటే ‘జీతం ఎంతిస్తారమ్మా?’ అని అడిగే తండ్రిని తప్పుపట్టలేం. అక్కడ చాలాచోట్ల జీతం ఇవ్వరు మరి. తిండి, అద్దె, ప్రయాణం... అన్నీ చేతిచమురే. అందుకే ఆ పేపరుని పరీక్ష కోసం చదివి, పాసై, పుస్తకాన్ని అటకెక్కించేసేవాళ్లే ఎక్కువ.

విశాఖపట్నం మల్కాపురంలో ఉండే విద్యార్థి కూడా అదే పని చేస్తే మాత్రం కాస్త ఆలోచించాల్సిందే. ఆ పేటకి ఒకపక్క హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీ. ఇంకోపక్క హిందుస్థాన్ షిప్‌యార్డు, నావికాదళం వాళ్ల డాక్‌యార్డు. పక్కనే ఉన్న సింధియా జంక్షన్‌ది అసలు ఓ ఓడల కంపెనీ పేరు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ చేత ఇక్కడ ఓడల కార్ఖానాకి శంకుస్థాపన చేయించింది. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి ‘జల ఉష’ని నీళ్లలోకి దింపారు. అప్పట్నుంచీ ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఓడతో సంబంధంలేని కుటుంబం తక్కువే.

ఇప్పుడు రేవుకొచ్చే ఓ విదేశీ ఓడ సంగతి చూడండి. దాని మీద ఎగిరే జెండా ఒక దేశానిది. యజమాని ఇంకో దేశంలో ఉంటాడు. పనిచేసేవాళ్లు మూడు నాలుగు దేశాలవాళ్లు. సరుకు మరొకరిది. బీమా ఎక్కడో లండన్‌లో. ఆ ఓడ మీద పనిచేసే కుర్రాడికి జీతం ఎగ్గొట్టారనుకోండి, వాడు ఏ దేశం కోర్టుకి పోవాలి? సరుకు తడిసిపోయిందనుకోండి, ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నలకి జవాబు వెతకడమే అంతర్జాతీయ చట్టం. దేశాల మధ్య తగాదాలది ఒక పేపరు, వ్యాపారుల మధ్య తగాదాలది ఇంకో పేపరు అని కాలేజీలో విడదీసి చెబుతారు. చదువుకోవడానికి ఆ విభజన సౌకర్యమే. రేవులో మాత్రం రెండూ ఒకే ఓడ మీద వస్తాయి.

దేశంలో ఏ లా కాలేజీలోనైనా సముద్ర చట్టం పాఠం చెబితే మొదట చెప్పే కేసు విశాఖ రేవులోనే మొదలైంది. అదీ చాలామందికి తెలియని ముచ్చట.

1984 సంగతి. గోవాకి చెందిన హార్వన్ ఇన్వెస్ట్‌మెంట్ అండ్ ట్రేడింగ్ అనే కంపెనీ మార్మగోవా రేవులో ‘ఎం.వి. ఎలిజబెత్’ అనే విదేశీ ఓడలోకి సరుకు ఎక్కించింది. సరుకు ఎక్కాక ఓడవాళ్లు బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వాలి. రసీదూ అదే, రవాణా ఒప్పందానికి సాక్ష్యమూ అదే, సరుకు మీద హక్కు పత్రమూ అదే. కొన్నవాడు డబ్బు కడితేనే ఆ కాగితం అతని చేతికి వెళ్తుంది, ఆ కాగితం చూపిస్తేనే అక్కడ సరుకు దిగుతుంది. అమ్మేవాడి గుప్పిట్లో ఉండే తాళంచెవి అన్నమాట. ఫిబ్రవరిలో ఆ ఓడ తాళంచెవి ఇవ్వకుండానే వెళ్లిపోయింది. కొన్నవాడు డబ్బు కట్టలేదు, సరుకు ఇవ్వొద్దని గోవా కంపెనీ మొత్తుకుంది. అయినా రస్ అల్ ఖైమాలో సరుకు దించి, అవతలివాడికి అప్పగించేశారు.

ఇక గోవా కంపెనీ చేయగలిగింది ఏముంది? ఓడ యజమానుల మీద వాళ్ల దేశంలో దావా వెయ్యాలి. అక్కడి ప్లీడరు ఫీజుకే ఆస్తులు కరిగిపోతాయి. కానీ ఓడ అన్నాక ఎప్పుడో ఎక్కడో లంగరు వెయ్యక తప్పదు కదా! రేవులన్నీ తిరిగి తిరిగి ఎలిజబెత్ 1984 ఏప్రిల్ 13న విశాఖపట్నం వచ్చింది. ఆ రోజే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో దాన్ని అరెస్టు చేశారు.

ఓడని అరెస్టు చెయ్యడం అంటే బేడీలు వెయ్యరు. వారంటు కాగితం తీసుకెళ్లి ఓడ మీద అందరికీ కనిపించేచోట అంటిస్తారు. పోర్టు అధికారులకీ, కస్టమ్స్‌కీ కాపీలు ఇస్తారు. కస్టమ్స్ అనుమతి లేనిదే రేవు దాటడానికి వీల్లేదు గనక ఎన్నివేల టన్నుల ఓడైనా ఆ ఒక్క కాగితానికి కట్టుబడి నిలబడాల్సిందే. విచిత్రం ఏమిటంటే, దావాలో ప్రతివాది మనిషి కాదు, ఓడే! యజమాని ఏ మూలనున్నా ఓడ కదలదని తెలిస్తే లాయర్ని వెతుక్కుంటూ తానే వస్తాడు. ఎలిజబెత్ యజమానులూ అలాగే వచ్చారు. 14 లక్షల 25 వేల రూపాయలకి బ్యాంకు గ్యారంటీ ఇచ్చి, ఏప్రిల్ 17న ఓడని విడిపించుకుపోయారు.

ఓడ నాలుగు రోజుల్లో వెళ్లిపోయింది. కేసు ఎనిమిదేళ్లు నడిచింది. ‘అసలు మమ్మల్ని అరెస్టు చెయ్యడానికి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎవరు?’ అన్నది యజమానుల వాదన. బ్రిటిష్ వాళ్ల కాలంలో, 1891 చట్టంతో, ఓడల కేసులు వినే అధికారం కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకే దక్కింది. పైగా 1861 నాటి ఇంగ్లండు చట్టంలో రేవులోకి వచ్చే సరుకు గురించే ఉంది, బయటికి వెళ్లే సరుకు మాట లేదు. ఇదీ వాళ్ల పట్టు. 1992 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టులో జస్టిస్ థొమ్మెన్, జస్టిస్ సహాయ్ ఈ వాదనని కొట్టేశారు. స్వతంత్ర దేశపు హైకోర్టు అధికారం ఎప్పటిదో వలస చట్టం దగ్గర గడ్డకట్టుకుపోదనీ, ఆంధ్రప్రదేశ్ రేవుకొచ్చిన విదేశీ ఓడ ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి జవాబు చెప్పాల్సిందేననీ తేల్చారు. ఓడల అరెస్టు మీద 1952లో బ్రసెల్స్‌లో కుదిరిన ఒప్పందం మీద మన దేశం సంతకం చెయ్యలేదు. అయినా దానిలోని సూత్రాలని వాడుకోవచ్చన్నారు. ఈ విషయంలో పార్లమెంటు కొత్త చట్టం చెయ్యాలని కూడా చెప్పారు. పార్లమెంటుకి తీరిక దొరకడానికి మరో పాతికేళ్లు పట్టింది. 2017లో అడ్మిరాల్టీ చట్టం వచ్చి, 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది.

లా విద్యార్థికి ఈ తీర్పు పరీక్షలో పది మార్కుల ప్రశ్న. మల్కాపురం విద్యార్థికి అంతకంటే ఎక్కువ. ఇలాంటి కేసు మళ్లీ వస్తే ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూసే వీలు వాళ్లకే ఉంది. ఇప్పుడు హైకోర్టు అమరావతిలో ఉంది. అంటే రేవు నుంచి మూడొందల యాభై కిలోమీటర్ల పైమాటే. సరుకు దించుకోవడానికి ఓడ రేవులో ఉండేది ఒక్కోసారి రెండు మూడు రోజులే. ఈలోగా కాగితాలన్నీ పోగుచెయ్యాలి, దావా రాయాలి, ఉత్తర్వు తేవాలి, ఓడ కదలకముందే దాన్ని అంటించాలి. ఆదివారం రాత్రి ఫోనొస్తే సోమవారం పొద్దుటికి దావా సిద్ధం కావాలి. అలాంటి ఒక్క రాత్రి సీనియర్ ఆఫీసులో కూర్చుని, ఏ కాగితం తర్వాత ఏ కాగితం వెళ్తుందో చూసినవాడికి తరగతిలో ఆర్నెల్లు కూర్చున్నా తెలియని విషయం తెలుస్తుంది.

నిజమే, ఓడల అరెస్టులు రోజూ ఉండవు. నెలరోజుల ఇంటర్న్‌షిప్‌లో ఒక్కటీ రాకపోవచ్చు. అప్పుడు చూడాల్సినవి షిప్పింగ్ ఏజెంట్ల ఆఫీసులు, సర్వేయర్ల ఆఫీసులు, కస్టమ్స్ పనులు చేసేవాళ్ల ఆఫీసులు. విశాఖలో డెమరేజీ అన్న మాట వినని ఇల్లు లేదు. అదెలా లెక్కగడతారో మాత్రం లా పట్టా పుచ్చుకున్నవాళ్లలోనూ చాలామందికి తెలియదు. ఓడ రేవుకొచ్చి ‘సిద్ధంగా ఉన్నాం’ అని నోటీసు ఇచ్చిన దగ్గర్నుంచి గడియారం మొదలవుతుంది. ఏ గంటకి పని మొదలైంది, ఏ గంటకి క్రేను ఆగింది, ఎప్పుడు వాన పడింది... అన్నీ ఒక కాగితంలో గంటల వారీగా రాసి, అందరూ సంతకాలు పెడతారు. వాన కురిసిన మూడు గంటలు లెక్కలోకి వస్తాయా రావా అన్నదాని మీద లక్షల రూపాయల తగాదా నడుస్తుంది. అది ఏ లండన్‌లోనో సింగపూర్‌లోనో మధ్యవర్తుల ముందుకి వెళ్తుంది. అక్కడి పెద్ద పెద్ద లాయర్లు నెలల తరబడి వాదించుకునేది విశాఖ రేవులో ఎవరో గుమాస్తా చేత్తో రాసిన ఆ కాగితం మీదే!

ఇలాంటివాటికి రేవు లోపలికే వెళ్లక్కర్లేదు. వెళ్దామన్నా కాలేజీ గుర్తింపు కార్డు చూపిస్తే పంపరు. 2004 జులై 1 నుంచి ఓడలకీ రేవులకీ అంతర్జాతీయ భద్రతా నియమావళి అమల్లో ఉంది, పాసు లేనిదే అడుగు పెట్టనివ్వరు. సీనియర్ వెంట వెళ్లే అవకాశం వచ్చినా ఫోను జేబులోంచి తియ్యకపోవడం మంచిది. ఓడ పేరు కనిపించేలా ఫొటో తీసి నలుగురికీ పంపించిన కుర్రాణ్ని ఏ లాయరూ మళ్లీ పిలవడు.

ఒక్కోసారి ఓడే ఊళ్లోకి వచ్చేస్తుంది. 2020 అక్టోబరు 13న వాయుగుండం వేళ బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎం.వి. మా’ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఊరంతా వెళ్లి ఫొటోలు దిగింది. ఓడని తియ్యాల్సింది ఎవరు, తియ్యకపోతే ఖర్చు ఎవరిది... ఇవన్నీ నైరోబీలో 2007లో కుదిరిన ఒప్పందంలో ఉన్నాయి. మన దేశం 2011లో అందులో చేరింది. అక్కడ ఫొటో దిగిన లా విద్యార్థుల్లో ఎంతమంది ఇంటికెళ్లి ఆ ఒప్పందం తీసి చదివారో!

ఇంతవరకూ సరుకుల గోల. ఓడ మీద మనుషులుంటారు. ఉత్తరాంధ్రలో వందల ఇళ్లకి సంబంధించిన విషయం ఇదే.

కొడుకు మర్చంట్ నేవీలో చేరతాడంటే పొలం తాకట్టు పెట్టి ఏజెంటుకి డబ్బు కట్టిన కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో కొత్త కాదు. కొందరు ఓడ ఎక్కనేలేదు. కొందర్ని ఎక్కించిన ఓడలు ఏ పరాయి రేవులోనో ఆగిపోయి, యజమాని మొహం చాటేస్తే జీతం లేక, తిండి లేక నెలల తరబడి అందులోనే ఉండిపోయారు. 2006 సముద్ర కార్మిక ఒప్పందంలో దీనికి జవాబుంది. మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. ఉద్యోగం వేయించినందుకు నావికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదని ఆ ఒప్పందం కచ్చితంగా చెబుతుంది. పాస్‌పోర్టుకీ, వైద్య పరీక్షకీ, నావికుడి పుస్తకానికీ అయ్యే ఖర్చులు వేరు. రెండు నెలల జీతం ఇవ్వకపోతే ఓడవాళ్లు ఆ మనిషిని గాలికొదిలేసినట్టే లెక్క. అలాంటప్పుడు నాలుగు నెలల జీతం వరకూ, ఇంటికి చేరే ఖర్చూ బీమా నుంచి రాబట్టుకోవచ్చు. మన 2017 చట్టమైతే, అరెస్టు చేసిన ఓడని అమ్మినప్పుడు ఓడ మీద ఉండే ప్రత్యేక హక్కుల్లో నావికుల జీతాన్నే మొదట నిలబెట్టింది. జీతం బాకీకి ఆ హక్కు రెండేళ్ల పాటు ఓడని అంటిపెట్టుకునే ఉంటుంది. యజమాని ఓడని అమ్మేసినా సరే!

ఇదంతా చట్టంలో ఉంది. గంగవరంలోనో పెదగంట్యాడలోనో ఉండే ఓ అమ్మకి ఎవరు చెప్పాలి? లా కాలేజీలు న్యాయసహాయ కేంద్రాలు నడుపుతాయి. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, ఊళ్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం లా కాలేజీ ఉంది. డబ్బు కట్టేముందు ఏజెంటుకి షిప్పింగ్ డైరెక్టరేట్ ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో చూడటం అయిదు నిమిషాల పని. ఆ లైసెన్సు నంబరు ఏజెంటుని అడగమని చెప్పడానికి సుప్రీంకోర్టు లాయరు అక్కర్లేదు, లా మూడో ఏడాది చదివే అమ్మాయి చాలు. ఓడలో చిక్కుకున్నవాడి దగ్గర్నుంచి ఒప్పందం కాగితం, జీతం లెక్క, నావికుడి పుస్తకం కాపీ తెప్పించి వరసగా తేదీలు వేసి పెట్టడం కూడా ఆ అమ్మాయి చెయ్యగలదు. అంతర్జాతీయ చట్టంలో తొలి అనుభవం ఇంతకంటే గట్టిగా ఎక్కడ దొరుకుతుంది? దీనికి మెరుగుకాగితం మీద అచ్చువేసిన సర్టిఫికెట్ మాత్రం రాదు. రాకపోయినా నష్టంలేదు. ఈమధ్య వారంరోజుల ‘ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్’కి ఎదురు డబ్బు తీసుకుని సర్టిఫికెట్ పంపేవాళ్లు తయారయ్యారు. అలాంటివి పది ఉన్నా ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకి నిలబడవు.

నావికుడైనా జీతానికి వెళ్తాడు. మత్స్యకారుడు వేటకి వెళ్తాడు, గాలివాటుకి సరిహద్దు దాటేస్తాడు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకి వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని పాకిస్థాన్ పట్టుకుని కరాచీ జైల్లో పెట్టింది. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. మధ్యలో దాదాపు 14 నెలలు. ఆ 14 నెలలూ ఇక్కడి ఆడవాళ్లు కలెక్టరాఫీసుల చుట్టూ తిరిగారు. తర్వాత 2025లో ‘తండేల్’ సినిమాగా ఆ కథ జనానికి తెలిసింది.

సినిమాలో లేని సంగతులు కొన్ని చట్టంలో ఉన్నాయి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా ఆ దేశపు సముద్రం. 200 మైళ్ల దాకా చేపల మీద హక్కు ఆ దేశానిది. ఈ రెండో భాగంలో పరాయి పడవ చేపలు పడితే, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, జైలుశిక్ష వెయ్యకూడదని 1982 ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టం 73వ అధికరణం చెబుతుంది. సర్ క్రీక్ దగ్గర గీతే తేలకపోవడంతో ఎవరు ఎక్కడ పట్టుబడ్డారన్నదే తగాదా అవుతుంది. ఇక భారత్, పాకిస్థాన్‌ల మధ్య 2008లో ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం పట్టుకున్న మూడు నెలల్లోగా మన దౌత్యాధికారుల్ని కలవనివ్వాలి. మనిషి ఏ దేశం వాడో తేలి, శిక్ష పూర్తయ్యాక నెలలోగా పంపెయ్యాలి. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి.

‘ఏ దేశం వాడో తేలాక’ అన్న ఆ ఒక్క మాటలోనే నెలలు గడిచిపోతాయి. అక్కడి జైలు రిజిస్టరులో పేరు ఒకలా ఉంటుంది, ఇక్కడి రేషన్ కార్డులో ఇంకోలా ఉంటుంది. ఇంటిపేరు ముందొస్తుందో వెనకొస్తుందో వాళ్లకి తెలియదు. ఊరి పేరు అక్షరం మారిపోతుంది. ఆధార్, రేషన్ కార్డు, పడవ కాగితం, మత్స్యకారుడి గుర్తింపు కార్డు... నాలుగింట్లో ఒకే మనిషి నాలుగు పేర్లతో ఉంటే వాటిని కలిపి, ‘ఈ నలుగురూ ఒక్కరే’ అని ప్రమాణపత్రం రాయించాలి. ఇది గొప్పగా కనిపించే పనేం కాదు. తెలుగు బాగా వచ్చి, ఓపికగా వినగలిగినవాళ్లే చెయ్యగలరు. విశాఖలో, శ్రీకాకుళంలో లా చదివే పిల్లలకి ఢిల్లీ పిల్లల కంటే ఎక్కువ అర్హత ఉన్న చోటు ఇదే.

మత్స్యకారుల పేరు చెబితే ఇద్దరు తెలుగు పెద్దల్ని తలుచుకోవాలి. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరంలో ‘ఎన్రికా లెక్సీ’ అనే ఇటలీ ఓడ మీదున్న సైనికులు ఇద్దరు మత్స్యకారుల్ని కాల్చి చంపారు. ఆ తగాదా అంతర్జాతీయ మధ్యవర్తుల దాకా వెళ్లింది. అయిదుగురు మధ్యవర్తుల్లో భారత్ తరఫున నియమితులైనవారు పాటిబండ్ల చంద్రశేఖరరావు. 2018 అక్టోబరులో ఆయన కన్నుమూశాక ఆ స్థానంలోకి వచ్చినవారు పెమ్మరాజు శ్రీనివాసరావు. సైనికుల మీద విచారణ జరిపే అధికారం మనకి లేదనీ, పరిహారం మాత్రం ఇటలీ ఇవ్వాల్సిందేననీ 2020లో తీర్పొచ్చింది.

చంద్రశేఖరరావుది అప్పటి కృష్ణా జిల్లాలోని వీరులపాడు. 1936లో పుట్టారు. ఢిల్లీలోని ఇండియన్ సొసైటీ ఆఫ్ ఇంటర్నేషనల్ లాలో పరిశోధకుడిగా మొదలుపెట్టి, విదేశాంగ శాఖలో న్యాయ విభాగానికి వెళ్లి, దేశానికి న్యాయశాఖ కార్యదర్శి అయ్యారు. జర్మనీలోని హాంబర్గ్‌లో అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం పెట్టినప్పుడు 1996లో తొలి న్యాయమూర్తుల్లో ఒకరు. 1999 నుంచి 2002 దాకా దానికి అధ్యక్షుడు. శ్రీనివాసరావు సముద్ర సంపద మీద రాసిన పుస్తకాన్ని 1975లో అమెరికాలో ఎం.ఐ.టి. ప్రెస్ అచ్చువేసింది. భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య బంగాళాఖాతంలో సరిహద్దు గీసిన తీర్పు 2014 జులై 7న వచ్చింది. తగాదాలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కి వెళ్లాయి. ఆ తీర్పులో కొంత భాగంతో విభేదించి వేరుగా అభిప్రాయం రాసిన మధ్యవర్తి ఈయనే. వీళ్లకి ముందు వాల్తేరులోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎస్. మూర్తి అంతర్జాతీయ న్యాయశాస్త్రం చెప్పారు. దేశాల మధ్య జరిగే ప్రచార యుద్ధాల మీద ఆయన పుస్తకం 1968లో యేల్ విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఆయన పేరు ఇప్పుడు విశాఖలో లా చదివే ఎంతమందికి తెలుసు? బీచ్ రోడ్డులో ఎన్ని విగ్రహాలున్నాయి!

ఇక మూట్ కోర్టులు. పిల్లలు వీటికి పెట్టే సమయం చూస్తే తల్లిదండ్రులకి ఆశ్చర్యం వేస్తుంది. జెస్సప్ పోటీ 1960లో మొదలైంది. రెండు ఊహాదేశాల మధ్య తగాదా ఇస్తారు. జట్టు రెండు పక్షాలకీ వాదన రాయాలి. ఫైనల్స్ వాషింగ్టన్‌లో. బెంగళూరు నేషనల్ లా స్కూల్ 1999లో, 2013లో ఆ కప్పు తెచ్చింది. అందులో నిజంగా పనికొచ్చేది కప్పు కాదు, నిన్నటిదాకా తిట్టిన పక్షం తరఫున ఇవాళ రాయాల్సిరావడం. ఓడల తగాదాల మీదే ఇంకో పోటీ ఉంది. ఆస్ట్రేలియాలో మర్డాక్ విశ్వవిద్యాలయం 2000లో మొదలుపెట్టింది. విశాఖ పిల్లలకి చేతికందే సబ్జెక్టు అది. కాలేజీ జట్టుని పంపలేకపోయినా పాత ప్రశ్నలు తెచ్చుకుని నలుగురు కూర్చుని రాస్తే ఖర్చేమీ లేదు. ఒక్కటే లోటు. మూట్ కోర్టులో క్లయింటు ఏడవడు. రాత్రికి రాత్రి మాట మార్చడు. కాగితం ఇంట్లో మరిచిపోయానని అనడు.

మరి ఆ హేగ్, హాంబర్గ్, జెనీవా? వెళ్లగలిగితే వెళ్లాల్సిందే. హాంబర్గ్ న్యాయస్థానం మూడు నెలల ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. జెనీవాలో అంతర్జాతీయ న్యాయ కమిషన్ సమావేశాలప్పుడు కుర్ర న్యాయవేత్తలకి 1965 నుంచీ సెమినార్ నడుస్తోంది. హేగ్ అకాడమీ వేసవి పాఠాలకి 1923 నుంచీ పేరుంది, కొందరికి స్కాలర్‌షిప్పులూ ఇస్తారు. ఇవన్నీ డిగ్రీ చివర్లోనో, అయ్యాకనో నప్పేవి. బార్ కౌన్సిల్ నియమం ప్రకారం చదువు మొత్తంలో మూడేళ్ల కోర్సువాళ్లు 12 వారాలు, అయిదేళ్లవాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఏ ఏడాదైనా ఏకబిగిన నాలుగు వారాలు దాటకూడదు. ఆ నాలుగేసి వారాల్లో ఒక విడత రేవు పనులు చూసే లాయరు దగ్గర, ఒకటి న్యాయసహాయంలో, ఇంకొకటి ఢిల్లీలో పెట్టుకోవచ్చు. ఆసియా, ఆఫ్రికా దేశాల న్యాయ సలహా సంస్థ అక్కడే ఉంది, చంద్రశేఖరరావు మొదలుపెట్టిన సొసైటీ అక్కడే ఉంది. విశాఖలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వీసా అడగరు.

దరఖాస్తుతో పాటు రాత నమూనా అడిగేచోట చాలామంది గూగుల్లో దొరికిన విషయాన్నే తిప్పి రాస్తారు. దానికి బదులు తాను చూసిన ఒక డెమరేజీ తగాదానో, ఒక నావికుడి జీతం కేసునో పేర్లు తీసేసి, నాలుగు పేజీల్లో రాయడం మేలు. సీనియర్‌కి ముందుగా చూపించి, అనుమతి తీసుకున్నాకే సుమా! పాస్‌పోర్టు మాత్రం రెండో ఏడాదిలోనే తీసిపెట్టుకోవాలి. విశాఖలోనే ప్రాంతీయ పాస్‌పోర్టు ఆఫీసు ఉంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో వెళ్లేముందే చూసుకోవాలి.